మూడోవాడి వెంట కుంతాల దాకా

ఇద్దరు మాట్లాడుకొనే చోట మూడోవాడు నిలబడరాదని చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. ఆ మూడోవాడు లేకపోతే ఆ ఇద్దరికీ మాట్లాడుకొనే వీలే ఉండని రోజులు వస్తాయని వారు ఊహించి ఉండరు. కిందటి ఏడు ఆషాఢం చివరలో నేను అటువంటి మూడోవాడికి తోడుగా, అనగా నాలుగోవాడినై, రెండు రోజులు కరీంనగరం నుంచి ఆదిలాబాదు జిల్లా కుంతాల దాకా తిరిగి వచ్చాను.

ఆ మూడోవాడు నా దగ్గర ఒకప్పుడు తెలుగు చదువుకున్న కుర్రవాడు. పద్యానికి గణవిభజన ఒక్కనాడూ సరిగా చేసిన పాపాన పోలేదు గాని, మనిషి ముఖంలో ఏ క్షణాన ఏమి మారుతుందో వాడికి తెలిసినంత నాకు తెలియదు. ఒక దినపత్రికకు ఫోటోలు తీస్తాడు. ధర్నాలు, వరదలు, జాతరలు, మంత్రుల పర్యటనలు, రోడ్డు ప్రమాదాలు, అన్నీ వాడివే. అది కాక పెళ్ళిళ్ళ పని ఉన్నది. "పేపర్ల ఫోటో వస్తే పేరొస్తది సార్, పెండ్లి ఫోటోతోటి ఇల్లు గడుస్తది" అంటాడు.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. ముహూర్తాలు లేవు గనుకనే ఫోటోగ్రాఫర్లకు ఊపిరి సలపదు. శ్రావణంలో పెళ్ళి కాబోయే జంటలన్నీ ఈ నెలలోనే గుట్టలకూ, కోటలకూ, జలపాతాలకూ బయలుదేరుతాయి. ప్రీ వెడ్డింగ్ షూట్ అంటే ఏమిటో పాఠకులకు చెప్పనక్కరలేదు. పెళ్ళిమండపంలో తెర మీద ఆ బొమ్మలు చూస్తూనే కదా, మనమంతా భోజనాల పిలుపు కోసం కాచుకొని కూర్చుంటున్నాం!

మావాడి సహాయకునికి ఆ వారం జ్వరం వచ్చింది. వానకాలపు కుంతాల చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. "మీరు ఉత్తగ వెంట రాండ్రి సార్, గా గుండ్రటి రిఫ్లెక్టర్ పట్టుకుంటె చాలు" అన్నాడు. వెండిరంగు గుడ్డ బిగించిన పెద్ద జల్లెడ వంటిది అది. ఎండను పట్టి మనిషి ముఖం మీదికి తిప్పుతుంది. పాతికేళ్ళుగా పాఠం చెబుతూ పిల్లల ముఖాల మీదికి ఏ వెలుగూ తిప్పలేకపోయిన నాకు ఇదీ ఒక అవకాశమే అనుకొని ఒప్పుకున్నాను.

మొదటి రోజు ఎలగందుల. కరీంనగరం నుంచి సిరిసిల్ల పోయే దారిలో, మానేరు ఒడ్డున గుట్ట మీది కోట. కాకతీయులు మొదలు ఆసఫ్‌జాహీల దాకా ఎందరో ఏలిన చోటు. ఒకప్పుడు ఈ జిల్లా పేరే ఎలగందుల జిల్లా. 1905 నాటి మార్పులతో ఆ హోదా కరీంనగరానికి పోయింది, కోట మేకలకూ, సీతాఫలపు చెట్లకూ మిగిలింది. ఇప్పుడు జంటలకు దక్కింది.

దారిలో మావాడు తన కష్టం చెప్పుకొచ్చాడు. "లీడర్ల ముఖం మీదికి కెమెరా గురిపెట్టి వంద ఫోటోలు తీసినా నాకేమనిపియ్యది సార్. లారీ గుద్దిన కాడికి పోయి తీసిన. కాని ఎన్నడు చూడని పిల్లను, ఎన్నడు చూడని పిలగాన్ని నిలబెట్టి, 'ఆమె కండ్లల్లకు చూడు తమ్మీ, ఇంక జర దగ్గరికి జరుగు' అని చెప్పాలంటె నాలుక తిరుగదు. వాళ్ళే ఒకరికొకరు కొత్త. నడుమ నేనొకన్ని మరీ కొత్త."

వాడికి ధైర్యం చెప్పవలసి నేను ఫ్రాన్సు దేశపు రొబేర్ ద్వానో కథ చెప్పాను. 1950లో అమెరికావారి లైఫ్ పత్రికకు పారిస్ ప్రేమికుల ఫోటోలు కావలసివచ్చాయి. నగరసభ భవనం ముందు, నడిచిపోయే జనం మధ్య, ఒక యువకుడు ప్రియురాలిని ముద్దు పెట్టుకుంటున్న ఫోటో ఆయన తీసి ఇచ్చాడు. తరువాతి కాలంలో అది పోస్టరై ప్రపంచమంతా తిరిగింది. దారిన పోతూ పట్టుకున్న క్షణమనే అందరూ నమ్మారు. 1990ల మొదట్లో ఆ జంట మేమేనంటూ ఎవరో కోర్టుకెక్కితే గాని, అది తాను నాటక విద్యార్థులైన ఒక జంటను అడిగి, నిలబెట్టి తీసినదని ఆయన బయటపెట్టలేదు. అప్పటికి ఆ అసలు జంట విడిపోయి ఏళ్ళు గడిచాయి.

మావాడు స్టీరింగు మీద చెయ్యి కొట్టి, "అంటె గంత పెద్దాయన గూడ చెప్పి తీసిండా సార్! ఇన్నొద్దులు నేను నాదే పాపమనుకుంటున్న" అన్నాడు.

కోట మొదటి ద్వారం దగ్గర జంట మాకోసం చూస్తూ నిలబడి ఉన్నది. పెద్దలు కుదిర్చిన సంబంధం. అమ్మాయి వెంట చిన్నమ్మ, ఇంటర్ చదివే తమ్ముడు, మూడంతస్తుల టిఫిన్ డబ్బా. అబ్బాయి నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేసి, "సార్! మీరా!" అంటూ కాళ్ళకు మొక్కబోయాడు. ఏనాటి బాచియో గాని నా దగ్గర చదివినవాడే. ఇక చూడండి అవస్థ. మావాడు 'భుజం మీద చెయ్యి వెయ్యి తమ్మీ' అంటాడు. అబ్బాయి నా వంక చూస్తాడు. చెయ్యి సగం లేచి, హాజరు పలకబోయేవాని చెయ్యిలా గాలిలో నిలిచిపోతుంది. ఛందస్సు చెప్పిన పంతులు ఎదురుగా ఉండగా ప్రేమ చూపగల మగవాడు ఈ భూప్రపంచంలో ఉండడు. చివరికి నేనే ఆ వెండి జల్లెడను ముఖానికి అడ్డం పెట్టుకొని నిలబడ్డాను. నా కాళ్ళు తప్ప ఇంకేమీ కనబడకుండా చేసుకున్న తరువాత పని కొంత సాగింది.

ఇంకో విచిత్రం గమనించాను. చిన్నమ్మగారు వారిద్దరినీ ఒక్క అడుగు ఎడంగా పోనీయలేదు. కాని మావాడు కెమెరా ఎత్తి, "మీరు జర పక్కకు జరుగుండ్రి అమ్మా, ఫ్రేముల వస్తున్నరు" అనగానే బుద్ధిగా తప్పుకుంది. తండ్రి చెప్పినా జరగని మనిషి కెమెరా చెబితే జరిగింది! ఫోటో కోసమైతే చెయ్యి పట్టుకోవచ్చు. ఫోటో లేకపోతే పక్కన కూర్చోవటమే తప్పు.

గుట్ట మీదికి ఎక్కాం. పైన రెండు మినార్ల పాత మసీదు. ఒక మినారును ఊపితే రెండోది కూడా ఊగుతుందని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను ఊపి చూడలేదు. కట్టడాల విషయంలో నమ్మకమే క్షేమం. బురుజు నుంచి చూస్తే మానేరు నీళ్ళు ఎండకు తళతళలాడుతున్నాయి. చిన్నమ్మగారు మోకాళ్ళ నొప్పులని కిందనే ఆగిపోయింది. తమ్ముడు సెల్‌ఫోన్‌లో మునిగాడు. అప్పుడు ఆ అమ్మాయి మావాడి దగ్గరకు వచ్చి, మెల్లగా, నేల చూస్తూ అడిగింది:

"అన్నా, ఒక్క పది నిమిషాలు ఫోటోలు తియ్యకుంట ఉంటవా? ఆయనతోని ఒక మాట అడిగేదుంది. ఎంగేజ్‌మెంట్ అయినకెల్లి ఫోన్ల మాట్లాడుడే గాని, పక్కన ఎవరో ఒకరు ఉంటనే ఉన్నరు."

మావాడు నా ముఖం చూచాడు. తరువాత గట్టిగా, కింద చిన్నమ్మకు వినబడేటట్టు, "బ్యాటరీ అయిపోయింది! మార్చాలె! పది నిమిషాలు పడతది!" అని అరిచాడు. నన్ను రెక్క పట్టుకొని గోడ చాటుకు లాక్కుపోయాడు. వాళ్ళకు వీపు తిప్పి ఇద్దరమూ మానేరు వంక చూస్తూ నిలబడ్డాం. ఆ పది నిమిషాలంత పొడుగు పీరియడు నేను ఎన్నడూ ఎరుగను. దగ్గితే బాగుండదు, మాట్లాడితే బాగుండదు, వింటే అసలే బాగుండదు. మావాడు కాస్త అవతలికి పోయి నిజంగానే బ్యాటరీ ఏదో మారుస్తున్నట్టు సంచీ సర్దుకున్నాడు. గాలి మళ్ళినప్పుడు ఒకే ఒక్క మాట నా చెవిన పడింది. 'బీఎడ్' అన్న మాట. అది అడుగుతున్న గొంతో, జవాబు చెబుతున్న గొంతో కూడా నాకు తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి ఆ అబ్బాయి నన్ను చూచి సిగ్గుపడలేదు. నేనక్కడ ఉన్నానన్న సంగతే మరచినట్టున్నాడు. ఆ తరువాత తీసిన ఫోటోలకు మావాడు 'ఇటు చూడు, అటు చూడు' అని ఒక్కమారైనా చెప్పలేదు.

సాయంత్రం కరీంనగరం తీగల వంతెన మీద ఇంకో గంట పని. 2023 జూన్‌లో తెరిచిన ఆ వంతెన మీద దీపాలు వెలిగితే చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని అక్కడ మా జంట వెనుక మరో జంట, వారి వెనుక పుట్టినరోజు కేకు కోస్తున్న కుర్రమూక. వ్రాయదగినంత ఏమీ జరగలేదు.

మరునాడు తెల్లవారకముందే జగిత్యాల దారి పట్టాం. గంగాధర దగ్గరికి రాగానే నేను ఊరుకోలేక, "కురిక్యాల పక్కనే కదరా, బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన కందపద్యాలున్నాయి, పదో శతాబ్దివి, ఆగి చూద్దామా?" అన్నాను. "అక్కడ ఎవ్వరు షూట్ పెట్టుకోరు సార్" అని వాడు బండి వేగం పెంచాడు. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు రాయి మీద చెక్కించిన తెలుగు పద్యాలు ఒక్క జంటకూ పనికిరాకపోవటం నాకు కష్టంగానే తోచింది. అయితే ఆ గుట్ట ఇంకా నిశ్శబ్దంగా ఉన్నదంటే అందుకే కాబోలు.

మెట్‌పల్లి, ఆర్మూరు, సోన్ దగ్గర గోదావరి. దాటితే నిర్మల్. ఇదంతా ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాయే. 2016 అక్టోబరులో నాలుగు జిల్లాలైంది. నిర్మల్ దాటి ఘాటు ఎక్కుతుంటే రెండు పక్కలా టేకు అడవి వానకు కడిగినట్టున్నది. ఈ ఘాటును మహబూబ్ ఘాట్ అని పిలుస్తారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు తలపుకు వస్తే, ఆయన కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీనదయాళ్ కూడా తలపుకు వచ్చాడు. పరదా చాటున ఉండే స్త్రీల ఫోటోల కోసం ఆయన 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, అందులో ఒక ఆంగ్ల వనితను నియమించాడు. మగవాడి కన్ను లోపలికి పోరాదు, ఫోటో మాత్రం బయటికి రావాలి. అదీ ఆనాటి ఏర్పాటు. మావాడు కాసేపు ఆలోచించి, "మంచి పని చేసిండు సార్. మా దగ్గర ఆడపిల్లలు కెమెరా పడితె నాకు సగం బాధ తప్పుతది" అన్నాడు.

నేరడిగొండ దగ్గర పెద్ద రోడ్డు వదిలి అడవిదారిన కుంతాలకు చేరాం. కడెం నది అక్కడ మెట్లు మెట్లుగా విరిగి, సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. మన నాలుగు జిల్లాలలోనే కాదు, తెలంగాణమంతటిలోనూ పేరుపడ్డ జలపాతం. పై నుంచి నీటి దగ్గరికి నాలుగు వందల పైచిలుకు మెట్లు. రాతి సందున సోమేశ్వరుడున్నాడు. శివరాత్రికి నీరు తగ్గినప్పుడు జనం ఆయన దర్శనానికి వస్తారు. మేము పోయిన రోజు దేవుడి జాడ లేదు. అంతా తెల్లని నురుగు, హోరు, ముఖాన చల్లని తుంపర.

శకుంతల పేరు మీదనే ఈ చోటికి కుంతాల అని పేరు వచ్చిందనీ, దుష్యంతుడు ఆమెను కలిసింది ఇక్కడేననీ కథ. కాదు, కుంటలు కలిసి పారటం వల్ల వచ్చిన పేరని మరో మాట. గోండులకూ మనకూ కూడా కుంట అంటే నీటి గుంటే. భాష చదువుకున్నవాడిగా నా ఓటు కుంటకే. కాని ఆ నీటి ముందు నిలబడితే శకుంతలే నిజమనిపిస్తుంది.

ఇక్కడి జంట వేరు తరహా. ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు, ప్రేమించుకొని పెద్దలను ఒప్పించినవారు. అమ్మాయి మేనమామ ఒకాయన వెంట వచ్చాడు గాని, మెట్లు చూచి పైనే మొక్కజొన్న కంకులు కాల్చేవాని దగ్గర స్థిరపడ్డాడు. వీరికి సిగ్గు లేదు, సందేహం లేదు. ఏయే భంగిమలు కావాలో సెల్‌ఫోన్‌లో జాబితా సిద్ధంగా ఉన్నది. నిన్నటి మొహమాటమే నయమని మావాడు నా చెవిలో గొణిగాడు.

జాబితాలో ఒకటి, తడిబండ మీద నిశ్చితార్థపు ఉంగరం ఉంచి, వెనుక మసకగా జలపాతం. అమ్మాయి ఉంగరం వేలి నుంచి తీయబోయింది. నా నోరు ఊరుకోలేదు. "అమ్మా, ఇది శకుంతల పేరున్న చోటు. ఆమె ఉంగరం పోయింది నీళ్ళలోనే!" అని అరిచాను. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా పాఠం మొదలైపోయింది. నన్నయగారి భారతంలో శకుంతలకు ఉంగరమే లేదు. కొడుకును వెంటబెట్టుకొని నిండుసభలో నిలబడి, తన మాట తాను చెప్పుకుంటుంది. చివరికి ఆకాశవాణి సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. ఉంగరాన్ని కథలోకి తెచ్చినవాడు కాళిదాసు. ఆయన నాటకంలో దుష్యంతుడికి జ్ఞాపకం తిరిగి వచ్చాక, శకుంతల బొమ్మ గీసుకొని ముందు పెట్టుకొని, అందులోని తుమ్మెదను నిజం తుమ్మెద అనుకొని అదిలిస్తాడు. మనిషి ఎదుట ఉన్నప్పుడు గుర్తుపట్టనివాడు బొమ్మ దగ్గర కూర్చొని ఏడుస్తాడన్నమాట. అమ్మాయి శ్రద్ధగా విన్నది. ఉంగరం మళ్ళీ వేలికి తొడుక్కున్నది. చేతితో సహా ఫోటో తీసుకున్నారు.

అసలు గొడవ ఆ తరువాత. జలపాతం పక్కన, కంచెకు అవతల, నీటి అంచున ఒక నున్నని బండ ఉన్నది. అబ్బాయికి దాని మీద ఇద్దరూ నిలబడిన ఫోటో కావాలి. ఇటువంటి ఫోటో ఎవరిదో చూశాడట. హెచ్చరిక బోర్డు పక్కనే ఉన్నది. కుంతాల నీళ్ళలో ఇన్నేళ్ళలో ఎన్నో ప్రాణాలు పోయాయన్నది ఈ జిల్లాలో అందరికీ తెలిసిన సంగతే.

"అక్కడికి నేను రాను, మిమ్ముల పోనియ్య" అన్నాడు మావాడు.

"రెండు నిమిషాల పని అన్నా. పైసలిచ్చేది మేము కదా!"

మావాడు కెమెరాకు మూత పెట్టాడు. అప్పటిదాకా 'తమ్మీ, చెల్లె' అంటూ బతిమాలిన గొంతు మారింది. "రెండేండ్ల కింద గీ బండ మీదికెల్లే ఒక పిలగాడు జారిండు తమ్మీ. నీ ఈడోడే. మా పేపరోళ్ళు పంపితె వచ్చి తీసిన. తెల్లారి దాంక దొరకలే. దొరికినప్పుడు వాళ్ళ నాయన నా పక్కనే ఉన్నడు. నేను కెమెరా ఎత్తితె ఒక్క మాట అన్లే, నా దిక్కు చూసిండు గంతే. ఆ చూపు నాకు ఇంక యాదికుంది. నీ పైసలు నువ్వే ఉంచుకో. గా బండ మీద నిన్ను తియ్య."

హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. అబ్బాయి ముఖం ఎర్రబడింది. అమ్మాయే ముందుగా కదిలింది. చెప్పులు విడిచి అక్కడే మెట్టు మీద కూర్చొని, "నాకు ఆకలవుతోంది, మామయ్య దగ్గర కంకులు తెప్పించు" అన్నది. కాసేపటికి అబ్బాయీ వచ్చి పక్కన కూర్చున్నాడు. వేడి వేడి కంకి, ఉప్పూ కారం, వాన తుంపర. ఇద్దరూ కోపంగానే తినటం మొదలుపెట్టారు. ఆమె పంటిలో కారం ఇరుక్కొని ఉఫ్ ఉఫ్ మంటుంటే అతడు నవ్వాపుకోలేకపోయాడు. మావాడు చప్పుడు చేయకుండా మూత తీశాడు. అది వారి జాబితాలో లేనిది.

వారు వెళ్ళిన తరువాత వాడొక్కడే కంచె దగ్గర నిలబడి, మనుషులు లేకుండా జలపాతాన్ని నాలుగైదు ఫోటోలు తీశాడు. ప్రతి వానకాలంలోనూ పత్రికకు కుంతాల జలకళ ఒకటి పంపాలట.

తిరుగుదారిలో నేరడిగొండలో చాయ తాగుతూ, వాడు కెమెరా వెనుక ఉన్న చిన్న తెర నా ముందు పెట్టాడు. ఎలగందుల బురుజు. దూరం నుంచి, గోడ సందులోంచి తీసిన ఫోటో. ఆ అమ్మాయి చెయ్యెత్తి ఏదో చెబుతున్నది. అతడు తల వంచి వింటున్నాడు. ఇద్దరి వెనుకా మానేరు. రెండు రోజుల్లో తీసిన వేయి ఫోటోలలో అంతటిది మరొకటి లేదు.

"ఇదేమిటిరా? తీయనని మాట ఇచ్చావు కదా!"

"అలవాటు సార్. సంచి సర్దుతుంటె చెయ్యి ఆగలే. రాత్రంత నిద్ర పట్టలే." చాయ గ్లాసు పక్కన పెట్టి, "ఏం చెయ్యమంటరు?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కునే లోపలే వాడు ఫోను తీసి ఆ అమ్మాయికే చేశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తప్పయిపోయిందన్నాడు. అవతల చాలాసేపు మాట లేదు. వాడు ఫోను నాకు కూడా వినబడేటట్టు పట్టుకున్నాడు.

"అందుల నేను నవ్వుతున్ననా అన్నా?"

"లేదు చెల్లె. మాట్లాడుతున్నవ్."

"ఆయన?"

"వింటున్నడు."

మళ్ళీ కాసేపు నిశ్శబ్దం. "అయితె నా ఒక్కదానికే పంపు. ఆల్బంల పెట్టకు. నీ దగ్గర గూడ ఉంచుకోకు."

వాడు ఆ ఫోటోను ఆమె నంబరుకు పంపించాడు. చేరినట్టు గుర్తు వచ్చేదాకా ఆగాడు. తరువాత కెమెరాలోదీ, ఫోనులోదీ నా ఎదుటే తుడిచేసి, చాయ పైసలు ఇచ్చి, బండి తీశాడు.